తీసేసిన నాలుగో నియమం

ఆదివారం, మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్

1. మూడు ఊళ్ల తెలుగు సంఘాల సమాఖ్యకు నేను రాసిన నియమావళిని ఈరోజు వెంబ్లీ సమావేశంలో ఆమోదించారు.
2. ఆమోదానికి ముందు సమాఖ్య అధ్యక్షుడు ప్రసాద్ గారు నాలుగో నియమాన్ని కొట్టేశారు.
3. నేను అభ్యంతరం చెబుతుండగానే బిర్యానీ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టి లేచారు. మా వాళ్ల ఓటింగ్ అదే.

యూరోపియన్ యూనియన్ ఒప్పందాలను ఎవరి సాయమూ లేకుండా చదివి నేను గ్రహించిన మూలసూత్రమే ఆ నియమం. సభ్యదేశాలు అప్పగించిన అధికారాలే యూనియన్‌కు ఉంటాయి, అప్పగించనివన్నీ సభ్యదేశాలవే. సభ్యదేశాల చోట మా సంఘాలని, యూనియన్ చోట సమాఖ్య అని రాశానంతే.

"భాస్కర్ గారూ, ఈ దేశమే ఆ యూనియన్‌లోంచి బయటికొచ్చేసింది. మనకెందుకండీ ఆ గోల? మనదంతా ఒకే ఫ్యామిలీ!" అన్నారు ప్రసాద్ గారు.

"బయటికి రావడానికి కూడా ఒప్పందంలో దారి రాసుందండీ."

"ముందు తినండి, చల్లారిపోతుంది."

తిన్నాక చేసిన తొలి తీర్మానం: తెలుగు తరగతులన్నీ ఇకపై వెంబ్లీ నుంచి ఆన్‌లైన్‌లోనే. అంటే నా భార్య పద్మ ఇక్కడి కమ్యూనిటీ హాల్లో నడిపే తరగతికి తాళం. ఆ అధికారం వాళ్లకు ఎవరిచ్చారు?

పద్మ విని, "ఎదురుగా కూర్చోబెట్టి తెలుగులో అడిగినా పిల్లలు ఇంగ్లీషులోనే జవాబిస్తారు. స్క్రీన్‌లో నోరు విప్పుతారా? అయినా ఆ రూల్స్ మీరు రాసినవేగా!" అంది.

నేను రాసినవే. ఒళ్లు మండుతోంది.

అయితే ప్రతి సంఘం కార్యదర్శీ సంతకం చేస్తేనే నియమావళి అమలవుతుంది. ఆ నియమాన్ని ఎవరూ కొట్టేయలేదు. మిల్టన్ కీన్స్ కార్యదర్శిని నేను. ప్రసాద్ గారు ఎంత నవ్వినా సరే, నా సంతకం ఈ డైరీ పేజీ మీద తప్ప మరెక్కడా పడదు.

రాత్రి 11:40
గుడిమెట్ల వెంకట భాస్కరరావు