గొంగు దాటినవాడు

జావా, సోలో ఊరి పక్కన, కంచరుల వీధి.
1902 మే, శుక్రవారం.

తమ్ముడు కర్సొకి వొంగ్సొ అన్న రాయునది. ఇక్కడ మేం క్షేమం. నీ క్షేమం అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. సుత్తి పట్టిన చెయ్యి, అక్షరాలు వంకర. ఓపిగ్గా కూడబలుక్కుని చదువు. ఉత్తరంతో పాటు చిన్న గుడ్డమూట ఉంది. చదవడం అయ్యాకే విప్పు.

మీ వదినకి మోకాళ్లు పట్టేశాయి, నోరు మాత్రం బాగానే ఉంది. కంచు పలికించిన చేతులు చక్కెర మిల్లులో గోతాలు మోస్తున్నాయి కదా అని నిన్ను తలుచుకుని నన్ను తిడుతుంది.

పోయిన వారం నీ కొడుకు గిమన్ వచ్చాడు. మన కంచువాయిద్యాల మేళంలో చోటిమ్మని అడిగాడు. 'గొంగు దాటినవాడి కొడుకువి, నిన్ను కూర్చోబెడితే ఉన్న శ్రుతీ పోతుందిరా' అన్నాడు ఊరిపెద్ద. అందరూ నవ్వారు. నేను తాంబూలం నములుతూ కూర్చున్నాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి దొరలు పెట్టిన ప్రదర్శన గుర్తుందా? ఒక పక్క కాఫీ బస్తాలు, ఇంకో పక్క చక్కెర గుట్ట, మధ్యలో మనం. సరుకుని చూసినట్టే మనల్నీ చూసేవాళ్లు. దొరసాని గౌను తగిలి దీపం తెరమీద పడబోతే, దేవత ఉంటుందని ఎవరూ దాటని ఆ పెద్ద కంచు గొంగు మీంచి నువ్వు అంగవేసి పట్టుకున్నావు. పందిరి కాలకుండా కాపాడావు. ఊరొచ్చి పెట్టెలు విప్పితే నీ కంచుపలకల వాయిద్యం ఒక్కటే మిగతావాటితో శ్రుతి కలవలేదు. కంచు చూడమని నాకిచ్చారు. కంచులో దోషం లేదన్నాను. అయితే గొంగులో దేవత అలిగిందన్నారు. పూలు పెట్టారు, ధూపం వేశారు, నిన్ను వెళ్లగొట్టారు. 'అన్నా, దీపం కోసమే కదా దాటాను, నువ్వైనా చెప్పవే' అన్నావు. నేను చెప్పలేదు.

ఇరవై ఏళ్లుగా నీ పేరు ఎత్తలేని
నీ అన్న, వొంగ్సొ

తా.క.: ఇప్పుడు మూట విప్పు. అది నీ వాయిద్యం కంచు పొడి. పెట్టెలు సర్దే ముందురోజు అక్కడి బ్యాండు మాస్టరు తన పియానో మీట నొక్కి, మీ శ్రుతి తప్పన్నాడు. అప్పటికే ఇరవై ఏళ్లు కంచు సాగగొట్టిన నన్ను! 'కాకి అరిచిందని కోయిల గొంతు మార్చుకుంటుందా, వదిలెయ్ అన్నా' అన్నావు నువ్వు. వినలేదు. వాడికి నా పనితనం చూపించాలని, మీరంతా భోజనానికి పోయినప్పుడు నీ పలకల్ని అడుగున ఆకురాయితో గీకాను. పియానోతో కలిశాయి. మనవాటితో విడిపోయాయి. గీకిన కంచు మళ్లీ అతకదు.

వచ్చే గురువారం గొంగుకి పూలు పెట్టేటప్పుడు ఊరందరి ముందూ చెప్తాను. గిమన్‌ని పంపు. నన్ను వెళ్లగొడితే, మీ మిల్లులో మోయడానికి నాకూ ఓ గోతం చూడు.