కంటపడనివి

3 ఫిబ్రవరి 2026, మంగళవారం

అమ్మాయి నిఖిత వచ్చింది. నెల సెలవు అంది. పదకొండేళ్ల మిలటరీ సర్వీసులో పది రోజులకి మించి ఇంట్లో ఉన్నది లేదు. అమలాపురం బస్టాండులో పెట్టె నన్ను మొయ్యనిచ్చింది. అది కొత్త.

నడుముకి బెల్టు ఉంది. బాత్రూంలో జారానంది. వాళ్లమ్మ కనకదుర్గ నమ్మింది. నేనేమీ అడగలేదు.

చెరువు: కొంగలు 6, నీటికాకులు 14, గద్ద 1. కంటపడనివి 2.

4 ఫిబ్రవరి

ఈ నోట్సు రొయ్యల చెరువు లెక్కకి. రొయ్యల్ని తినడానికి ఏ పిట్ట ఎన్ని గంటలకి ఏ వైపు నుంచి వచ్చిందో ముందు పేజీల్లో ఉంటుంది. మనుషుల సంగతి వెనక పేజీల్లో రాసుకుంటాను. ఎవరికీ చూపించను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నిఖిత బయటపెట్టింది. మెడికల్ బోర్డు తనని ఇక ఎగరొద్దందట. హెలికాప్టర్ నడపడం అయిపోయింది. బదులుగా శత్రువుల డ్రోన్లని ఆపే యూనిట్‌లో పని ఇస్తామన్నారట. ముందు ఆరు నెలల కోర్సు. వద్దనుకుంటే కాగితాలు పెట్టి బయటికి వచ్చేయొచ్చు. ఏదో ఒకటి ఇరవయ్యో తారీకు లోపల చెప్పాలి.

కనకదుర్గ చేతులెత్తి దణ్ణం పెట్టింది. పిల్ల నేల మీదకి దిగింది, అంతే చాలు, అమ్మవారికి చీర పెట్టుకుంటానంది. నిఖిత కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. కలిపిన ముద్ద అలాగే ఉంది.

6 ఫిబ్రవరి, ఉదయం 6.20

నాతో చెరువు దగ్గరికి వచ్చింది. కాట్రేనికోన దాటాక మా చెరువు. పిట్టలు దిగకుండా పైన నైలాన్ దారాలు కట్టాను. గట్టు మీద అవి నా తలకంటే రెండు మూరలు ఎత్తున పోతాయి. ఎవరూ వంగక్కర్లేదు. నిఖిత వంగింది. మొదటి వరసకి వంగింది. రెండో వరసకీ వంగింది.

పక్క చెరువు అంజిబాబు చూశాడు. ఏంటండీ అమ్మాయిగారూ, మిలటరీలో దారాలక్కూడా సెల్యూట్ కొట్టాలాండీ అన్నాడు. ఆయ్, కొట్టకపోతే పనిష్‌మెంటండీ అని నవ్వింది. నా భుజం పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

7 ఫిబ్రవరి

బాత్రూంలో జారినవాళ్లు దారాలకి వంగరు.

9 ఫిబ్రవరి

నడుము సంగతి అడగలేను. పని సంగతి అడిగాను. అడగడం మొదలుపెడితే నాకు ఆగదు. ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ని. మోటార్లు విప్పి నేర్చుకున్నాను, మందుల సంగతి డబ్బాల మీద చదివి నేర్చుకున్నాను. డిగ్రీలో దీని ఎన్‌సీసీ డ్రెస్సు ఇస్త్రీ చేసి ఇచ్చింది నేనే. ఆ డ్రెస్సు నుంచి హెలికాప్టర్ దాకా ఎలా వెళ్లిందో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

డ్రోన్‌ని ఎలా ఆపుతారన్నాను. నడిపేవాడికీ దానికీ మధ్య రేడియోలో మాటలు నడుస్తుంటాయి, ఆ మాట తెంపితే చాలావరకు పడిపోతుంది, లేకపోతే వచ్చిన దారినే పోతుంది అంది. మాటే లేకుండా, దారి ముందే గుర్తుపెట్టుకుని వచ్చేవి ఉన్నాయట. వెనకాల సన్నటి దారం వదులుకుంటూ వచ్చేవీ ఉన్నాయట, మాట ఆ దారంలోనే పోతుందట. మరి వాటినేం చేస్తారు? చూసి కూల్చాలి. అసలు కష్టం చూడడమే అంది. రాడార్ స్క్రీన్ మీద కొంగ ఒక చుక్క, డ్రోన్ ఒక చుక్క. ఏది ఏదో కూర్చున్నవాళ్లు తేల్చుకోవాలి, అదీ లోపలికి వచ్చేసేలోగా.

హెలికాప్టర్ వాళ్లని దీనికెందుకు పిలుస్తారని అడిగాను. పదేళ్లు కొండల సందుల్లో, చెట్ల ఎత్తున ఎగిరిందట. రేషను దించడం, జబ్బుపడ్డవాళ్లని తేవడం. ఇన్నాళ్లూ నక్కి నక్కి ఎగిరావు, ఇప్పుడు నక్కి వచ్చేవాటిని పట్టుకో అన్నాడట పై అధికారి. చెబుతూ గడ్డి పీకుతోంది.

నేను నీటికాకి సంగతి చెప్పాను. ఆకారం తెలియనంత దూరంలోనే పోల్చుకోవచ్చు. కొంగ తీరిగ్గా వస్తుంది, దిగే ముందు ఒకసారి ఆలోచించుకుంటుంది. నీటికాకి ఆలోచన ఇంటిదగ్గరే ముగించుకుని వస్తుంది. సూటిగా, నీళ్లకి జానెడు ఎత్తున. నిఖిత ఫోన్‌లో టైము పెట్టి నాకు పరీక్ష పెట్టింది. ఇరవైకి పంతొమ్మిది చెప్పాను. ఇరవయ్యోది గద్ద అన్నాను. సముద్రం వైపు పెళ్లి ఫోటోలవాళ్ల డ్రోన్ అది. రెక్క ఆడించకుండా నిలబడితే గద్దే అనుకున్నాను. ఇంటికొచ్చాక మొదటిసారి గట్టిగా నవ్వింది.

12 ఫిబ్రవరి

ఇవాళ తనే చెప్పింది. నా వైపు కాదు, చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ వైపు చూస్తూ.

హెలికాప్టర్‌లో ఒక జవానుని ఆస్పత్రికి తెస్తోంది. కింద ఏరు. ఏటికి అడ్డంగా, సామాను లాక్కోవడానికి ఊరివాళ్లు కట్టుకున్న తీగ. మ్యాపులో లేదు. ఎండ కళ్లకి ఎదురు. చూసేసరికి మీదికి వచ్చేసింది. పైకి లాగింది. అడుగు భాగం తగిలింది. ఏటి రాళ్ల మీద గట్టిగా దిగారు. లోపల ఉన్న ముగ్గురూ బతికారు. జవాను బాగానే ఉన్నాడట, పండక్కి మెసేజ్ పెట్టాడట. దీని వెన్నుపూస ఒకటి నలిగింది. ఎంక్వయిరీలో నీ తప్పేమీ లేదన్నారట.

వాళ్లన్నారు నాన్నా, నేను అనుకోవాలిగా అంది. తీగ చూడనిదానికి ఆకాశం కాపలా ఎలా ఇస్తారు, ఇస్తే నేనెలా తీసుకుంటాను అంది.

వెళ్లి, బాగానే తిరుగుతున్న ఏరేటర్‌ని ఆపి మళ్లీ వేశాను.

15 ఫిబ్రవరి

ఏరేటర్ బేరింగు మార్చాను. ఇరవయ్యో తారీకుకి ఇంకా ఐదు రోజులుంది.

17 ఫిబ్రవరి

పాత నోట్సులు చూస్తానంది. ట్రంకు పెట్టె దించాను. పద్నాలుగేళ్లవి. మోటారు షెడ్డులో కూర్చుని పొద్దుటి నుంచి చదివింది. పిట్టల పేర్లు, టైములు, దిక్కులు చూసుకుంటూ పోయి ఆఖరి గడి దగ్గర ఆగింది. ఈ కంటపడనివి ఏంటి, కంటపడకపోతే ఎలా లెక్కపెట్టావు అని అడిగింది.

గట్టు మీదికి తీసుకెళ్లి చూపించాను. తెల్లవారగానే గట్టంతా తిరుగుతాను. బురదలో కాళ్ల అచ్చులు, రెట్టలు, ఈక, సగం కొరికి వదిలేసిన రొయ్య. వీటినిబట్టి నేను చూడకుండా ఎన్ని వచ్చిపోయాయో వేస్తాను. మళ్లీ ఆ మూలకే వెళ్లి కాపు కాస్తాను, దారాలు అక్కడ దగ్గర చేస్తాను.

ఎవరూ అడగని లెక్క ఎందుకు రాస్తావంది.

మొదటి పంటకి రాయలేదని చెప్పాను. అప్పుడు తోలినవే రాసేవాణ్ని. ఆ నోట్సు చూస్తే నేను మొనగాణ్ని, వచ్చిన పిట్టనల్లా తోలేశాను. చెరువు మాత్రం ఖాళీ అయిపోయింది. నోట్సు మీద కోపం వచ్చి ఆ రోజే స్కేలు తీసి ఇంకో గీత గీశాను.

ఆ గడిలో సున్నా ఎప్పుడైనా వేశావా అంది. నాలుగుసార్లు అన్నాను. మూడు రోజులు జ్వరం, ఒక రోజు మా బావగారి అమ్మాయి పెళ్లిచూపులు. గట్టు తిరగని రోజులే అవి, తిరిగితే సున్నా రాదు.

అటు తిరిగింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. రెండూనేమో. మా దగ్గర కూల్చినవే రాస్తారు నాన్నా అంది. స్కేలు ఎక్కడుందని అడిగింది.

19 ఫిబ్రవరి

ఒక రోజు ముందే ఫోన్ చేసి డ్రోన్ల పనికి సరేనంది. మాట్లాడింది నిమిషం కూడా లేదు.

కనకదుర్గ అక్కడ ఏసీ ఉంటుందా అని అడిగింది. కొత్తపేట చెల్లెలికి ఫోన్ చేసి, మా అమ్మాయికి కుర్చీ పని ఇచ్చేరు, ఇక గాల్లో తిరగదు అని చెప్పింది. అంజిబాబు, ముందు మన కాకుల్ని ఆపే మిషనొకటి పంపించమనండి బాబాయ్ అన్నాడు.

3 మార్చి

వెళ్లింది. ఖాళీ నోట్సు ఒకటి, నా స్కేలు పట్టుకుపోయింది. స్కేలు అడగలేదు, తీసేసుకుంది.

బయల్దేరే ముందు గట్టు ఒక చుట్టు తిరిగింది. దారాల కింద ఇంకా వంగుతోంది.

19 ఏప్రిల్

నిఖిత ఫోటో పంపింది. కోర్సులో తను రాస్తున్న నోట్సు పేజీ. గడులన్నీ అరచేత్తో మూసేసింది, నాకు కూడా చెప్పకూడదట. ఆఖరి గడి ఒక్కటే వదిలింది.

కంటపడనివి: నిఖితకి 3. నాకు 2.