చేపలు ఏడు

ఫిబ్రవరి 5, సోమవారం

ఉప్పు 35. వేడి 26. చేపలు 7.

పసుపు చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు. టిఫిన్ దగ్గర, చేపకు బాగాలేదు, మందు వెయ్యాలి అన్నాను. అబ్బో, టెలిగ్రాం పొద్దున్నే నోరు విప్పాడే అంది అక్క. చిన్నప్పటి నుంచీ నాకు అదే పేరు. మాటకింత అని ఎవరో వసూలు చేస్తున్నట్టు మాట్లాడతానట.

చేపల షాపాయనకు ఫోన్ చేశాను. ఉప్పునీటి ట్యాంకులో తొందరపడి మందు వెయ్యొద్దు, వారం చూడు అన్నాడు. వెయ్యలేదు.

నిరుడు అక్కకు పక్షవాతం వెంట్రుకవాసిలో తప్పింది. రక్తం గడ్డకట్టకుండా మధ్యాహ్నం మాత్ర. ఒక్కపూట మానినా ప్రమాదమే అన్నాడు డాక్టర్. అప్పటి నుంచీ అక్కకు మతిమరుపు కూడా. ఇన్నాళ్లూ ఎదురింటి నర్సమ్మ వచ్చి ఇచ్చేది. ఆవిడకు బదిలీ అయింది. ఇక రోజూ ఒంటిగంటకు నేనే పని నుంచి ఫోన్ చెయ్యాలి. ఇవాళ చేశాను. మందు వేశావా అన్నాను. కాసేపు ఆగి, ఇదిగో వేస్తున్నా అంది.

ఫిబ్రవరి 7, బుధవారం

చేపలు 6. పసుపుది పోయింది. పాపం, మందు సరిపోలేదేమో అంది అక్క. షాపాయన వద్దన్నాడని చెప్పబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

చేపలు 5. ఈసారి పోయింది జబ్బు చేప కాదు. నిన్న సాయంత్రం మేతకు ఎగబడిన నీలం చేప.

నీళ్లు మూడుసార్లు పరీక్ష చేశాను. తూకం కాటాలు బాగుచెయ్యడం నా పని. అంకె అబద్ధం చెప్పదని నా నమ్మకం. అంకెలన్నీ బాగున్నాయి. చేప మాత్రం చచ్చింది.

అక్క మాత్రల అట్ట కూడా చూశాను. అక్కడా లెక్క సరిపోయింది.

ఫిబ్రవరి 11, ఆదివారం

చేపలు 5. సెలవు. మాత్ర నేనే అక్క చేతిలో పెట్టాను.

ఫిబ్రవరి 13, మంగళవారం

చేపలు 3. ఒక్కరోజులో రెండు. నీటి మీద పలచటి తెల్లని తెట్టు.

పొద్దున అక్క చేతిలోంచి గ్లాసు జారింది. ఎడమచేతి వేళ్ల మీద చీమలు పాకుతున్నట్టుందట. బలవంతంగా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాను. మాత్రలు మానలేదు కదా అన్నాడు. ఒక్కటీ మానలేదన్నాను. అట్ట తీసి చూపించాను.

ట్యాంకుల్లో పెంచే పగడాల్లో కొన్ని విషం కక్కుతాయనీ, మనుషులకూ ప్రమాదమనీ ఎక్కడో చదివాను. అక్క పగలంతా ట్యాంకు పక్కనే కూర్చుంటుంది.

ఫిబ్రవరి 14, బుధవారం

మా ట్యాంకులో ఉన్న పగడాలన్నీ పీకి పారేశాను. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్క్. దొంగతనానికా, ఆపరేషన్‌కా అని నవ్వింది అక్క. నవ్వు ఒకవైపే సాగింది. నీళ్లలో చెయ్యి పెట్టావా అని అడిగాను. పెడితే నువ్వు ఊరుకుంటావట్రా, ఒక్క చుక్క ముట్టుకోలేదు అంది.

ఫిబ్రవరి 15

భయంగా ఉంది.

ఫిబ్రవరి 17, శనివారం

చేపలు 1. నారింజది. రాయి వెనక నక్కింది, మేతకు రావడం లేదు.

అక్క ఎడమ కాలు ఈడుస్తోంది. సోమవారం సాయంత్రం మళ్లీ డాక్టర్‌కు చూపించాలి.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. రెండు ఆదివారాలు, ఒక్క చావూ లేదు. నేను ఇంట్లో ఉంటే చావు లేదు.

అంటే నేను లేనప్పుడు ఎవరో వస్తున్నారు. నర్సమ్మ తాళంచెవి తిరిగి ఇచ్చింది. దానికి మరో జత ఎవరి దగ్గరైనా ఉందేమో. పగలంతా అక్క ఒంటరిగా ఉంటుంది. చేపలతో మొదలుపెట్టినవాడు చేపలతో

రాయలేను.

ఫిబ్రవరి 19, సోమవారం. సాయంత్రం, ఆసుపత్రి

పనికి బయల్దేరినట్టు వెళ్లి, వెనక తలుపులోంచి వచ్చి వంటింట్లో నిలబడ్డాను. చేతిలో పెద్ద స్పానర్. పన్నెండైంది. పన్నెండున్నర. ఎవరూ రాలేదు. ఒంటిగంటకు, మానితే అక్క కంగారు పడుతుందని, ఫోన్ చేశాను. ముందుగదిలో మోగింది. తలుపు సందులోంచి కనబడుతోంది. మందు వేశావా అని గొంతు తగ్గించి అడిగాను. ఆగరా అంది.

అట్టలోంచి మాత్ర తీసింది. కుట్టు కత్తెరతో నాలుగు ముక్కలు చేసింది. కాలీడ్చుకుంటూ ట్యాంకు దగ్గరకెళ్లి, మూత ఎత్తి, ఒక్కొక్క ముక్కా లోపల వేసింది. చిన్న నోరు కదా, మెల్లగా తిను నాన్నా అని చేపతో అంది. వేశానురా అని ఫోన్‌లో నాతో అంది.

వేసుకున్నావా అని అడగాల్సింది. పదిహేను రోజులుగా వేశావా అని అడుగుతున్నాను. మాటలో అంత చిన్న ముక్క మిగుల్చుకున్నాను.

స్పానర్ పడేసి పరిగెత్తాను. మరో మాత్ర తీసి అక్క నోట్లో పెట్టాను. నాకెందుకురా, చేపకు బాగాలేదని నువ్వే కదా అన్నావు, రోజూ ఫోన్ చేసి మరీ అడుగుతున్నావు కదా అంది. ఇవాళ్టిది పదమూడోది.

ఆటో పిలిచాను. మెట్లు దిగుతుంటే నా భుజం మీద ఒరిగిపోయింది. ఒరేయ్ అనబోయింది. మాట రాలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

అక్క కళ్లు తెరిచింది. కుడిచేత్తో నా చొక్కా గుండీ పట్టుకుంది. ఇంకా మాట లేదు. పోయినసారి అట్ట చూపించారు కదా అన్నాడు డాక్టర్.

బట్టల కోసం ఇంటికెళ్లాను. నారింజది కూడా తేలింది.

ఫిబ్రవరి 26, సోమవారం

అక్కకు మాట వచ్చింది. ముద్దముద్దగా, ఒక్కొక్కటే, టెలిగ్రాంలా. చేపలు అంది.

పసుపుదాని చుక్కలు పోయాయన్నాను. నీలంది మేతకు ఎగబడుతోందన్నాను. నారింజది గాజు దగ్గరకొచ్చి నీకోసం చూస్తోందన్నాను. అంతా నీ మందు మహిమే అన్నాను. అరగంట ఆపకుండా మాట్లాడాను.

ఉప్పు 35. వేడి 26. చేపలు 7.