ఎడమ మడమ

నాన్నా,

నువ్వు పంపిన డాక్టరు కాగితం అందింది. నాకు పుట్టుకతోనే ఎడమకాలు అవిటిదట! పద్దెనిమిదేళ్ళుగా నాకే తెలియని సంగతి. అడుగున నీ అక్షరాలు: "దేశసేవ ఆఫీసుకి వెళ్ళేలోగా కుంటడం అలవాటు చేసుకో. అతి చెయ్యకు." ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. చింపేశాను. ఇదిగో, ముక్కలు ఇందులోనే పెట్టాను.

నీ భయం నాకు తెలుసు. పద్దెనిమిది నిండినవాళ్ళు రెండేళ్ళు సేవ చెయ్యనంటే ఏడాది జైలు. అయినా వెళ్ళి చెబుతాను: "గుండ్రాయిలా ఉన్నాను. కానీ రాను." ఇక్కడ ఆస్పత్రిలో, ముసలివాళ్ళ వార్డులో, పొద్దున్నే పదకొండుమందికి ఒళ్ళు తుడుస్తున్నాను. ఒకావిడ రోజూ తిడుతుంది, అయినా మర్నాడు మళ్ళీ ఆమె దగ్గరికే వెళతాను. ఇష్టపడి చేస్తే సేవ, మెడ మీద కత్తి పెట్టి చేయిస్తే వెట్టి. హాస్టల్లో నా పక్కమంచం పిల్ల, "రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే ఇట్టే పోతాయే, నలుగురితో బతకడం వస్తుంది" అంటోంది. వస్తుందేమో. తను సంతోషంగా వెళుతోంది, వెళ్ళనీ. నాకు కళ్ళు మూసుకోవడం చేతకాదు.

అసలు కోపం ఇంకొకటి. నువ్వు నీ కుంటికాలితోనే బూట్ల కొట్టు నడిపి నన్ను పెంచావు. నీ కష్టాన్ని నేను దొంగవేషంగా వేసుకోవాలా? నీకు చేతులెలా వచ్చాయి? చిన్నప్పుడు నీ పక్కన నడవాలని నేనూ ఆగి ఆగి అడుగేసేదాన్ని, గుర్తుందా?

సోమవారం పదింటికి పిలుపు. నువ్వు రావద్దు.

నీ కందిరీగ

---

కందిరీగా,

ముక్కలు అతికిద్దామని కూర్చున్నాను. నా బుద్ధి అలాంటిది. బంక డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

బూటు అడుగు చూస్తే మనిషి నడక తెలుస్తుందని నీకు నేర్పింది నేనే. కొట్టుకొచ్చిన ప్రతి జతా నీ చేతికిచ్చాను. నా జత ఎప్పుడైనా ఇచ్చానా? కుంటివాడి బూట్ల మడమలు రెండూ ఒక్కలా అరగవు. నావి ఒక్కలాగే అరుగుతాయి. తోలు కోసం ఊరవతల గోదాముకి వెళ్ళే దారిలో, ఎవరూ లేనిచోట, నేను తిన్నగానే నడుస్తాను. అందుకే నెలకోసారి ఎడమ బూటు మడమని ఆకురాయితో నేనే అరగదీసుకుంటాను.

నీ వయసులో నన్నూ పిలిచారు. కుంటుతూ వెళ్ళి తప్పించుకున్నాను. కొన్నాళ్ళు నటిస్తే చాలనుకున్నాను. వీధి చూసింది. మీ అమ్మ జాలిపడి నన్ను చేసుకుంది. నువ్వు పుట్టి నా అడుగులో అడుగేశావు. ఇంకెక్కడ ఆపను? రెండేళ్ళు తప్పించుకోబోయి ఇరవై ఎనిమిదేళ్ళు శిక్ష వేసుకున్నాను. సిగ్గుగా ఉందమ్మా.

ఈ పొద్దున మీ అమ్మకి చెప్పాను. "పెళ్ళైన ఆర్నెల్లకే తెలుసు. ఎప్పుడు నోరు విప్పుతారోనని చూస్తున్నా" అంది.

రావద్దన్నావు. వస్తున్నాను. అందరూ కొట్లు తెరిచే వేళ, మన వీధి మధ్యలోంచే తిన్నగా నడిచి వస్తాను. నా పాత మోసం తిరగదోడితే తోడనీ. ఆ ఆఫీసు మెట్లు ఇద్దరం కలిసి ఎక్కుదాం. ఈసారి నా కోసం ఆగి ఆగి అడుగెయ్యకు. నన్ను అందుకో, చూద్దాం.

మీ నాన్న