అందరికీ వెళ్ళిన జవాబు

నా చిట్టితల్లికి,

బోలెడు ముద్దులతో అమ్మ రాస్తోంది. ఇక్కడ నేనూ మీ నాన్నమ్మా హాయిగా ఉన్నాం. ఆవిడకి మోకాళ్ళు మెట్లు దిగేటప్పుడు మాత్రమే గుర్తొస్తున్నాయట. మిగతా సమయమంతా నా కూరలో ఉప్పు తక్కువైన సంగతే గుర్తొస్తోందట. దాన్నిబట్టి ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందో నువ్వే అంచనా వేసుకో. ఆ సొరంగం పనిలో నెత్తిమీద టోపీ తియ్యకుండా ఉంటున్నానని రాశావు, నమ్మాను. వేళకి తింటున్నానని కూడా రాశావు. అది నమ్మలేదు.

నీ ప్రశ్నలన్నిటికీ వరసగా జవాబులు రాస్తాను. నీ పచ్చ స్వెట్టర్ దొరికింది, మీ నాన్నమ్మ ఒంటిమీద ఉంది, తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకు. వంటింటి కుళాయి కారడం ఆగింది. ఎవరు బాగుచేశారన్నది తరవాత చెబుతాను. "పోయిన ఉత్తరంలో లిఫ్టు మెకానిక్ ఒకాయన మాటిమాటికీ వచ్చాడు, ఎవరాయన?" అని చివర్లో ఓ ముక్క అడిగావు చూడు, దానికీ వస్తాను. కాస్త ఓపిక పట్టు.

ముందు కంప్యూటర్ క్లాసు సంగతి. "పుస్తకంలో ఉన్న అర్థాలు నాకొద్దు, నేర్చుకున్న మాటలు నీ మాటల్లో చెప్పు" అని పరీక్ష పెట్టావు. కన్నకూతురు తల్లికి పరీక్ష పెట్టే రోజులొచ్చాయి, రాయక తప్పుతుందా.

మా ఆసుపత్రి దుప్పట్ల గదిలో ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు వెళ్ళాయో, ఎన్ని దిండు గలీబులు తిరిగొచ్చాయో ఇన్నాళ్ళూ చీటీల మీద రాసుకునేవాళ్ళం. ఇక అంతా కంప్యూటర్లోనే, అదీ ఇంగ్లీషులోనే అన్నారు. నేర్చుకోనివాళ్ళని ఇస్త్రీ గదికి మారుస్తారని ఒక పుకారు. ఆ గదిలో ఎండాకాలం నిలబడితే దుప్పటితోపాటు మనిషీ మడతపడిపోతాడు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంటీన్లో బల్లలు తుడిచి క్లాసు పెడితే, నోరు మూసుకుని వెళ్ళి కూర్చున్నాను. పాఠం చెప్పేది రికార్డుల విభాగంలో పనిచేసే అమ్మాయి. నీకన్నా చిన్నది, అయినా అందరం టీచరమ్మ అనే పిలుస్తాం.

మొదటిరోజే నా పరువు పోయింది. ఏదో మీట నొక్కాను. "ఆర్ యూ ష్యూర్, యూ వాంట్ టు డిలీట్?" అని తెరమీద అడిగింది. ఏం చేస్తున్నావో తెలిసే చేస్తున్నావా అని అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకుని "నో మేడమ్" అన్నాను, కంప్యూటర్‌తోనే. డిలీట్ అంటే తీసెయ్యడం. తీసేసినవి వెంటనే పోవు, రీసైకిల్ బిన్ అనే బుట్టలో పడి ఉంటాయి. చిరిగిన దుప్పట్లు మేం మూటగట్టి ఓ మూల పెడతాం కదా, అలాంటిదే. మూట లారీ ఎక్కేదాకా అందులోంచి పనికొచ్చేవి ఏరుకోవచ్చు.

మరునాడు టీచరమ్మ ఒక మంచి మాట చెప్పింది. "మీరు భయపడే మాటల్లో సగం మీకు తెలిసినవే. ఇంగ్లీషువాళ్ళు కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా కొత్త పేరు వెతుక్కోలేదు. ఇంట్లో ఉన్న పాత మాటనే కొత్త పనిలో పెట్టుకున్నారు" అంది. పాత దుప్పటి చింపి గలీబులు కుట్టినట్టన్నమాట. విండో అంటే కిటికీయే, తెరమీద ఒక్కో పని కనబడే చట్రం. మౌస్ అంటే ఎలకే, మొదట్లో దానికి వైరు తోకలా వేలాడేదట. ఇప్పుడు తోక లేని మౌస్‌లు కూడా వచ్చాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సేవ్ అంటే కాపాడటం, ఇక్కడ రాసింది చెదిరిపోకుండా దాచుకోవడం. రన్ అంటే మాత్రం పరుగు కాదు, ప్రోగ్రామ్‌ని పని మొదలుపెట్టించడం. ఆవిడ "రన్ ద ప్రోగ్రామ్" అనగానే మా అంబులెన్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. పాపం, ఆ మాట వింటే ఆయన కాళ్ళు ఆగవు.

వైరస్ పాఠం రోజు ఇంకా తమాషా. ఆసుపత్రి మనుషులం కదా, జ్వరం ఎంత ఉంటుందని ఒకరు, పక్క కంప్యూటర్‌ని దూరంగా జరపాలా అని ఒకరు. ఎవరో గిట్టనివాళ్ళు తయారుచేసి వదిలిన ప్రోగ్రామ్ అది. మనకి తెలియకుండా దూరి, తనకి తానే నకళ్ళు తీసుకుంటూ కంప్యూటర్‌ని పాడుచేస్తుంది. తెలియనివాళ్ళు పంపిన అటాచ్‌మెంట్, అంటే ఉత్తరంతోపాటు జతచేసి పంపిన వస్తువు, తెరవకూడదంది. అటాచ్‌మెంట్ నాకు ఇట్టే అర్థమైంది, ఈ కవర్లో మీ నాన్నమ్మ ఫోటో పెడుతున్నాను కదా, అదే. బ్యాకప్ అయితే నేనే క్లాసుకి చెప్పాను. వార్డులో ప్రతి మంచానికీ ఒక జత పరుపుమీద ఉంటుంది, ఒకటి ఉతుకులో ఉంటుంది, ఇంకోటి మా బీరువాలో ఉంటుంది. మొదటి రెండూ పాడైనా రోగి వట్టి పరుపుమీద పడుకోకుండా కాపాడేది ఆ బీరువాలోది. టీచరమ్మ ఆ రోజు నా చేత అందరికీ మళ్ళీ చెప్పించింది. పాస్‌వర్డ్‌గా మాత్రం నీ ముద్దుపేరు పెట్టుకుని తిట్లు తిన్నాను. తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్టట.

ఇక మెకానిక్ గారు. మొదటిరోజు ఆలస్యంగా వచ్చారు, నా పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కొచ్చినా గోళ్ళ కింద గ్రీజు కనబడుతూనే ఉంది. అది కంప్యూటర్‌కి అంటుతుందేమోనని మీటల్ని పెన్సిలు వెనకవైపుతో నొక్కేవారు. డౌన్‌లోడ్, అప్‌లోడ్ చెప్పినప్పుడు క్లాసంతా తికమకపడితే ఈయన ఒక్కరే తలూపారు. "ఎక్కడో ఉన్నది మన దగ్గరికి దింపుకుంటే డౌన్, మన దగ్గరున్నది అక్కడికి ఎక్కిస్తే అప్. పరీక్షలో ఈ రెండే అడిగితే నేను పాసు" అన్నారు. హ్యాంగ్ అవడం కూడా అంతే, రెండంతస్తుల మధ్య లిఫ్టు ఇరుక్కున్నట్టు తెర బిగుసుకుపోవడం. "కంగారుపడి అన్ని మీటలూ నొక్కితే ఇంకా బిగుస్తుంది, లిఫ్టులో జనమూ అదే చేస్తారు" అన్నారు నాతో, మెల్లిగా.

రోజుకో కొత్త మాట వాడుతూ పక్కవాళ్ళకి ఈమెయిల్ రాయమంది టీచరమ్మ. ఆయన మొదటిది ఇలా ఉంది: "డియర్ మేడమ్, టుడే సెకండ్ లిఫ్ట్ ఈజ్ శాడ్. ఐ గేవ్ ఆయిల్. నౌ హ్యాపీ." నేను రాశాను: "డియర్ సర్, పిల్లో కవర్స్ ఆల్సో శాడ్. ప్లీజ్ నో ఆయిల్." అలా మొదలైంది. క్లాసు లేని రోజు కూడా రాసుకునేవాళ్ళం. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఇంటికెళ్ళాక మాట్లాడటానికి రేడియో తప్ప ఎవరూ లేరని ఒకరోజు రాశారు. అందులో కొత్త మాటేదీ వాడలేదు. నేనూ తప్పు పట్టలేదు.

కుళాయి బాగుచేసింది ఆయనే. మీ నాన్నమ్మ పక్కనే కుర్చీ వేసుకుని చివరిదాకా కాపలా కాసింది.

చిట్టితల్లీ, ఇక దాచను. పోయినవారం రెండో లిఫ్టు మరమ్మతుకి ఆపారు. నేను దుప్పట్ల మూట మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆయన ఎదురొచ్చి మూట అందుకున్నారు. మలుపు దగ్గర ఆగి, "మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఇంగ్లీషులో రాసుకున్నాను. మీరు తప్పులు దిద్దుతారని భయమేసి మన భాషలోనే అడుగుతున్నాను" అన్నారు.

"అడగండి" అన్నాను.

"మనం పెళ్ళి చేసుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. మీకు ఎలా అనిపిస్తోంది?"

ఆ మూట ఆయన చేతుల్లో ఉంది కాబట్టి సరిపోయింది, నా చేతుల్లో ఉంటే మెట్లన్నీ దుప్పట్లే. "రేపు రిప్లై ఇస్తాను" అని మాత్రం అనగలిగాను.

ఆ రాత్రంతా ఆలోచించానని రాస్తే అబద్ధం. నా జవాబు నాకు అక్కడే తెలిసింది. మర్నాడు కంప్యూటర్ తెరిచేసరికి ఆయన పేరుతో ఒక మెయిల్ ఉంది. సెకండ్ లిఫ్ట్ బాగైంది, అందరూ వాడుకోవచ్చు, ఏమైనా ప్రశ్నలుంటే జవాబు రాయండి అని. అది ఆసుపత్రి మొత్తానికి పంపిన నోటీసు. పైన ఎవరెవరికి వచ్చిందో చూసుకోవాలి కదా, చూసుకోలేదు. దాని కిందే నా జవాబు రాసేశాను. "యస్. ఐ విల్ మ్యారీ యూ. బట్ ఫస్ట్ ఐ మస్ట్ టెల్ మై డాటర్. ప్లీజ్ డోంట్ టెల్ ఎనీబడీ."

రిప్లై నొక్కితే పంపినవాళ్ళకి మాత్రమే వెళుతుంది. రిప్లై ఆల్ నొక్కితే ఆ ఉత్తరం ఎవరెవరికి వచ్చిందో వాళ్ళందరికీ వెళుతుంది. ఈ ముక్క పుస్తకంలో ఉంది, నేను చదివాను కూడా. అయినా నొక్కింది రెండోదే.

కాసేపటికి వరసగా వచ్చిపడ్డాయి. కంటి విభాగం నుంచి, పిల్లల వార్డు నుంచి, వంటశాల నుంచి, "కంగ్రాట్యులేషన్స్" అని. ఎందుకు చెబుతున్నారో తెలియక మొదట ఆనందపడ్డాను, క్లాసు పాసయ్యాననుకుని. అప్పుడు సూపరింటెండెంట్ గారి మెయిల్ వచ్చింది: "సిబ్బంది అందరికీ గమనిక. ఎవరికీ చెప్పవద్దని ఆమె కోరారు. దయచేసి పాటించండి."

టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. "అన్‌డూ ఏదమ్మా, అన్‌డూ నొక్కు" అన్నాను. అన్‌డూ అంటే చేసినదాన్ని చెయ్యనట్టు వెనక్కి తిప్పడం.

"వెళ్ళిపోయిన మెయిల్‌కి అది పనిచెయ్యదండీ" అని నా భుజంమీద చెయ్యివేసి, "గ్రామర్ మాత్రం ఒక్క తప్పు లేదు" అంది.

తరవాత మెకానిక్ గారు వచ్చారు, మెట్లెక్కి, ఆయాసపడుతూ. లిఫ్టు బాగైంది కదా అంటే, "అది కిందికి వచ్చేదాకా ఆగలేకపోయాను" అన్నారు. గదిలో వాళ్ళంతా పనిలో మునిగినట్టు నటిస్తున్నారు. ఆయన గొంతు తగ్గించి, "'బట్' తరవాత రాసింది కూడా చదివాను. ముందు అమ్మాయికి చెప్పండి. అప్పటిదాకా నాకు జవాబు రానట్టే" అన్నారు.

నీకు చెప్పేలోపు ఇంట్లో చెప్పాల్సిన పెద్దదిక్కు ఉంది కదా. దారంతా అదే ఆలోచన. మీ నాన్న పోయాక కొడుకు స్థానంలో నన్ను చూసుకుంటూ బతికిన మనిషి ఆవిడ. ఏమని మొదలుపెట్టను? వెళ్ళేసరికి చిక్కుళ్ళు ఒలుస్తోంది. పక్కింటి ఆవిడ ఆసుపత్రి మందుల కొట్లో పనిచేస్తుందని మరిచిపోయాను.

"నీ కుళాయి అబ్బాయి అడిగాడటగా" అంది తలెత్తకుండా. "ఇంత ఆలస్యం చేశాడేమని చూస్తున్నాను."

పక్కన కూలబడ్డాను. చిక్కుడుకాయ పక్కన పెట్టి నా చెయ్యి తీసుకుంది. "వాడు పోయినప్పుడు నువ్వు పుట్టింటికి వెళ్ళిపోతావనుకున్నాను. వెళ్ళలేదు. ఆనాడే నువ్వు కోడలివి కాదు, కూతురివయ్యావు. కూతురికి పెళ్ళంటే ఏడ్చే తల్లిననుకున్నావా?" అంది. అని తనే ఏడ్చింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం, కాసేపు నవ్వాం, పొయ్యిమీది పప్పు మాడిపోయింది. ఆయన ఇక్కడికే వచ్చి ఉంటారు. అది మీ నాన్నమ్మ పెట్టిన షరతు. రేడియో చప్పుడు తగ్గించి పెట్టుకోవాలన్నది రెండోది.

మీ సొరంగం క్యాంపుకి సరుకులు తెచ్చే వ్యాన్ రేపు పొద్దున్నే ఇక్కణ్ణుంచి బయల్దేరుతుంది, ఈ ఉత్తరం అందులోనే పంపుతున్నాను. దాని డ్రైవరు మరదలు మా రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. అందుకే అతని నోటి మాట కంటే ముందు నా ఉత్తరం అందాలని కవరుమీద "ముందు ఇది చదువు" అని రాస్తున్నాను. ఊరంతా తెలుసుకున్నాక నీకు తెలియడం నాకు కష్టంగా ఉంది, తల్లీ. అందరికన్నా ముందు నీకే చెప్పాలనుకున్నాను.

ఇక్కడ "నువ్వు ఒప్పుకుంటేనే" అని రాసి కొట్టేశాను, ఆ కొట్టివేత నీకు కనబడుతూనే ఉంటుంది. కొట్టెయ్యడం ఎందుకంటే, నా బతుకు బరువు నీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఈ నిర్ణయం నాది. మీ నాన్నని మరిచిపోయి తీసుకున్నది కాదు, ఆయనతో బాగా బతికిన దాన్ని కాబట్టి తీసుకోగలిగింది. నీకు కోపమొస్తే రా, వచ్చి ఎదురుగా కూర్చుని పోట్లాడు, నేను వింటాను. సంతోషమైతే ఇంకా తొందరగా రా. రిజిస్ట్రారు దగ్గర సాక్షి సంతకం కావాలట. అది నువ్వు పెట్టాలని నా కోరిక. నువ్వొచ్చేదాకా ఆగుతాం, ఆయనే అన్నారు.

ఆయన్ని ఏమని పిలవాలో తోచకపోతే దిగులుపడకు. నేనూ ఇంకా "మెకానిక్ గారూ" అనే అంటున్నాను. పలుకుతున్నారు.

ఇట్లు,
నీ జవాబు కోసం వీధివైపు చూస్తూ కూర్చున్న
మీ అమ్మ