మారెమ్మ మేకలకు పారుడు

ముళ్ళకుంట,
విళంబి, ఆషాఢ బహుళ పంచమి.

పశువైద్యులు జయరాముడు గారికి పురాణం నారాయణప్ప ఆశీర్వదించి వ్రాయునది.

మా ఊరి ఓబమ్మకు ఏడు మేకలే జీవనాధారము. అన్నిటికీ పారుడు పట్టి, నీళ్ళ విరేచనములు ఆగకున్నవి. నిన్న ఒకటి కన్నుమూసినది. ఓబమ్మ నా అరుగు ముందు కూలబడి, "సామీ, దొరకు నాలుగు ముక్కలు రాయి. ఇవీ పోతే నేను యాడ బతకల్ల?" అని ఏడ్చినది. తాము మందు అనుగ్రహింపవలెను.

శుభాకాంక్షి,
నారాయణప్ప

తా.క. భయము చేత ఓబమ్మ మిగిలిన ఆరింటినీ మారెమ్మకు మొక్కి, చెవులు కోసి పసుపు పూసినది. కావున ధర్మము ప్రకారము అవి ఇప్పుడు అమ్మవారివి. ఇది తమకు అప్రస్తుతమే. అయినను సత్యము దాచరాదు గదా.

*

పశువైద్యశాల,
9-7-1958.

అయ్యా,

మందు సిద్ధముగా ఉన్నది. అయితే యజమాని సమ్మతి లేనిదే తాపించరాదని నియమము. యజమాని మారెమ్మ అని తామే వ్రాసినారు. ఆమె సమ్మతి పంపుడు.

విధేయుడు,
జయరాముడు

తా.క. చదువు రానివారైతే ఎడమచేతి బొటనవ్రేలి ముద్ర చాలును.

*

ముళ్ళకుంట,
బహుళ దశమి.

అయ్యా,

మా మారెమ్మ వేపచెట్టు క్రింద నిలిచిన రాయి. ఆమెకు చేతులు లేవు. వ్రేళ్ళు అంతకన్నా లేవు. ఆర్తుని మొర విన్న దేవుడు వ్రేలిముద్ర అడిగినట్లు నేను చెప్పిన ఏ పురాణములోను లేదు. "నా మేకలే గదా, నేనేస్తా ముద్ర" అని ఓబమ్మ లేచినది. మొక్కిన జీవమును నాదనుట దోషమని నేనే అడ్డుపడినాను. రెండు మేకలు లేవలేకున్నవి. త్వరపడవలెను.

శుభాకాంక్షి,
నారాయణప్ప

తా.క. "నీ శాస్త్రానికి పారుడు రాను!" అని ఓబమ్మ నన్ను శపించినది. ఇందుకు ప్రాయశ్చిత్తము ఏ గ్రంథములోను కానరాలేదు.

*

పశువైద్యశాల,
14-7-1958.

అయ్యా,

యజమాని రాయియైనను నియమము మారదు. ఆమె పక్షమున మాట్లాడువారుంటే, ఆ మాట వ్రాసి పంపుడు.

విధేయుడు,
జయరాముడు

తా.క. ఒక సాక్షి కావలెను. సాక్షి మాత్రము రాయి కారాదు.

*

ముళ్ళకుంట,
అమావాస్య.

అయ్యా,

మా ఊరిలో అమ్మవారు హనుమక్కను పూని పలుకును. తమ ఉత్తరమును రాయి యెదుట చదివినాను. హనుమక్క ఊగుచు పలికినది ఇది: "ఏమప్పా, మందు వద్దని నేనంటినా? ఇన్ని రాతలు అడుగుతాండాడే ఆ దొర, ఆరు మేకలూ ఆయప్పకే ఇచ్చేసినా. తోల్కపోండి!"

కావున ఈ క్షణము నుండి యజమానులు తామే. ఓబమ్మ వాటిని బండి కెక్కించుకొని వచ్చుచున్నది. ఈ ఉత్తరము ఆమె చేతనే పంపినాను. తమ సమ్మతి తామే వ్రాసికొందురు గాక.

శుభాకాంక్షి,
నారాయణప్ప

తా.క. సాక్షులుగా ఊరంతయు ఉన్నది. ఎవరిని పంపమందురు?

*

పశువైద్యశాల,
24-7-1958.

అయ్యా,

నా మేకలు చేరినవి. నా సమ్మతి నేనే తీసుకొని మందు తాపినాను. ఆరును తేరుకొని, మా కార్యాలయపు మల్లెతీగను వేరువరకు భుజించినవి. వాటిని ఓబమ్మకే దానమిచ్చి పంపివేసినాను.

పోవునపుడు ఆమె, "మేకలు నాకిచ్చినావు, చల్లగా ఉండు నాయనా. మారెమ్మ మొక్కు మాత్రం నీ పేరిటికి మారె గదా, జాతరకొచ్చి నువ్వే తీర్చుకో" అన్నది. తమ ధర్మము ప్రకారము ఇది నిజమేనా?

విధేయుడు,
జయరాముడు

తా.క. ఆరు మేకల బలికి బదులు ఆరు గుమ్మడికాయలకు అమ్మవారు ఒప్పుకొందురేమో మెల్లగా కనుక్కొనుడు. జవాబు మాత్రము వ్రాయవద్దు. మనిషితో చెప్పి పంపుడు.