మేనమామ చేతికి బిడ్డ

జమ్మలమడుగు

అరుణా,

మీ అన్నకు నామీద ప్రేమ ఎప్పుడు పోయిందో అని ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. అది ప్రేమ పోవడం కాదు, ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బట. జ్ఞాపకం ఉన్నా జాలి, జంకు పోతాయని డాక్టరు చెప్పాడు.

ఆదివారం ప్రొద్దుటూరులో మీ చర్చిలో జరిగే బాప్తిస్మంలో నీ బిడ్డను మేనమామే ఎత్తుకుని పాస్టరు అయ్యగారి చేతికివ్వాలి, అది మనవాళ్ల ఆనవాయితీ. కానీ మొన్న మీ అన్న పక్కింటి పాపను మిద్దె పిట్టగోడ మీద కూర్చోబెట్టి, ఒంటరిగా వదిలేసి కిందికొచ్చాడు. నేను పరుగెత్తి పాపను ఎత్తుకొస్తే, "పడలేదు కదా, ఎందుకట్ల అరుస్తాండావు? బొరుగుల ఉండలు యాడ పెట్టినావు?" అన్నాడు.

బిడ్డను ఆయన చేతికివ్వొద్దమ్మా.

కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఆయన సంబరంగా ఉన్నాడు. ప్రొద్దుటూరుకు వెంట తీసుకురావాలో, ఇంట్లో ఉంచి తాళం వేసి రావాలో నాకింకా తేలడం లేదు.

నీ వదిన